బీడీ మానుచున్న సోదరులకు

షోలాపురమున ఒక నేత సోదరుడు బీడీ మాని నాలుగు దినములైనదట. నిన్న ఒకటి కాల్చితిని, అంతా పోయినట్లే గదా అని మమ్ము అడిగినారు. పోలేదు. పడుగులో పోగు తెగిన ముడివేసి నేయుదుము గాని పడుగంతా కోసివేయము గదా!

నికోటిన్ అలవాటు మానినవారికి మొదటి రెండు మూడు దినములే మిక్కిలి కష్టము. చిరాకు, నిద్రలేమి కొన్ని వారములలో సన్నగిల్లును. కోరిక పుట్టినను కొద్ది నిమిషములే నిలుచును. ఆ కాస్తసేపు మంచినీళ్లు త్రాగి ఒక కండె చుట్టండి, దాటిపోవును.

ఆ ఊర మన ఆడవారు అనేకులు బీడీలు చుట్టి ఇల్లు నడుపుచున్నారు. తునికాకు, పొగాకు చేటలోనే ఉండును. అట్టి ఇంట మానుట ఎంత కష్టమో మాకు తెలియును. ఆ చేటను మీ కూర్చునే చోటికి దూరముగా పెట్టుమని ఇంటివారిని అడుగుటలో తప్పులేదు.

నూలు ధూళి పీల్చు రొమ్మునకు పొగ తోడైన దగ్గు, ఆయాసము హెచ్చును. మానిన కొన్ని నెలలలో దగ్గు తగ్గును. ఏడాదికి, పొగవలని గుండెజబ్బు భయము సుమారు సగమగును.

తోడు కావలసినవారు 1800-112-356 అను ప్రభుత్వపు ఉచిత ఫోనుకు మాట్లాడవచ్చును. ఆ సోదరుడు మరల మొదలిడినారు. నేటికి ఆరవ దినము.