సేవ చేయాలంటే నర్సింగ్ చదువుదాం



మేము ఆళ్లగడ్డ హాస్టల్లో పదో తరగతి చదివేటప్పుడు మాలో ఒకమ్మాయికి జ్వరం ముదిరి నంద్యాల పెద్దాసుపత్రిలో చేర్పించారు. రాత్రంతా గంటగంటకూ వచ్చి నాడి చూసి, సెలైన్ మార్చి, ధైర్యం చెప్పింది నర్సక్కే. అప్పుడే మేమూ నర్సులం కావాలనుకున్నాం.

"ఆడపిల్లలకు రాత్రి డ్యూటీలెందుకు?" అన్నారు ఇంట్లో. ఆ రాత్రి ఆ అక్క కూడా ఇంట్లోనే ఉండిపోతే మా స్నేహితురాలి గతేమిటని అడిగాం. మారు మాట్లాడలేదు.

అయితే దయ ఒక్కటే చాలదు, చదువు కావాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. ఈ లెక్క తప్పితే రోగికే ముప్పు. అందుకే లెక్కలు, ఇంగ్లీషు ఇప్పటినుంచే శ్రద్ధగా చదవండి.

ఇంటర్లో బైపీసీ చదివితే 4 ఏళ్ళ బి.యస్సీ. నర్సింగ్‌కు వెళ్ళవచ్చు. ఇతర గ్రూపుల వారికి 3 ఏళ్ళ జి.ఎన్.ఎం. కోర్సు ఉంది. 17 ఏళ్ళు నిండాలి. తమ్ముళ్ళూ, ఇది మీకూ తగిన చదువే.

మనకు అన్నం పెట్టి చదివించింది ప్రజల సొమ్ము. ఆ ఋణం తీర్చుకునే దారుల్లో ఇదొకటి.