పెరటిలో ఎయిర్ గన్ గురి అభ్యాసము: తుపాకి ఎన్నిక, జాగ్రత్తలు

మన గ్రామములలో ఎయిర్ గన్ను కొందరు చేనుపై వాలు పిట్టలను తోలుటకని కొనుచున్నారు. కొందరు పిల్లలు ముచ్చటపడుచున్నారని కొనుచున్నారు. గురి చూచి కొట్టుట మంచి విద్యయే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకము గెలుచుకొనెను. కాని ఇది ఆటబొమ్మ కాదు. అర గ్రాము బరువుగల సీసపు గుండు సెకనుకు 150 మీటర్లకు మించిన వేగముతో వెలువడి, రెండు వందల గజములు దాటి పోగలదు. కంటికి తగిలినచో చూపు పోవును. దగ్గరనుండి తగిలి ప్రాణములు పోయిన సందర్భములు కూడ కలవు.

కనుక కొనుటకు ముందు “ఇది ఎంత బలముగా కొట్టును?” అని కాదు, “మా పెరటిలో దీని గుండు ఎక్కడ ఆగును?” అని ప్రశ్నించుకొనవలెను. ఇందుకు నిశ్చయమైన సమాధానము దొరకని ఇంట ఎయిర్ గన్ ఉండరాదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

2016 ఆయుధ నిబంధనల ప్రకారము గొట్టపు లోపలి వ్యాసము 0.177 అంగుళము (4.5 మిల్లీమీటర్లు), మూతి వద్ద శక్తి 20 జౌళ్లు మించని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేదు. ఈ రెంటిలో ఏది మించినను లైసెన్సు కావలెను. 0.22 అంగుళముల గొట్టము గల తుపాకి ఈ మినహాయింపులోనికి రాదు. గుర్తింపు పత్రము చూపి, తుపాకి వివరములు వ్రాసిన రసీదు తీసికొని, దానిని భద్రపరచుడు.

ఎట్టి తుపాకి కొనవలెను?

ఇంటి అభ్యాసమునకు స్ప్రింగు తుపాకి అనుకూలము. గొట్టమును వంచి ఒకసారి బిగించిన చాలును. ప్రతిసారి ఇంచుమించు ఒకే బలముతో కొట్టును. అధిక పీడనముతో గాలి నింపుకొను తుపాకి గురికి చాల మంచిదేగాని, దానికి వేరుగా పంపు కావలెను, ఖర్చు హెచ్చు. గ్యాసు బుడ్డితో పనిచేయు తుపాకికి బుడ్డీలు మాటిమాటికి కొనవలెను.

బలము కొరకు ఆశపడవలదు. 10 మీటర్ల గురికి 7, 8 జౌళ్లు చాలును. పోటీ తుపాకులు కూడ ఇంచుమించు ఇంతే శక్తి గలవి. బలము హెచ్చిన కొలది బిగించుట కష్టము, అదురు హెచ్చు, గురి తప్పును, ఆపుటకు పెద్ద అడ్డు కావలెను.

బరువు మనిషికి తగినట్లుండవలెను. దుకాణములోనే ఖాళీ తుపాకిని భుజమున ఆనించి పది అంకెలు లెక్కింపుడు. అంతవరకు గొట్టము వణకక నిలిచినచో అది మీకు తగినది. పొరపాటున పేలకుండ ఆపు మీట ఉన్నదా, గొట్టము వంచి ఉండగా ట్రిగ్గరు కదలకుండ ఏర్పాటున్నదా అని అడిగి చూడుడు.

నడుము సన్నగా, తల చదునుగా ఉండు సీసపు గుండ్లు కాగితమునకు మంచివి. రంధ్రము స్పష్టముగా పడును. ఉక్కు గుండ్లు గట్టి వస్తువునకు తగిలి వెనుకకు ఎగిరివచ్చును గనుక వాడరాదు.

గుండు ఆగు ఏర్పాటు

10 మీటర్లనగా సుమారు 33 అడుగులు. అంత చోటు లేనిచో 20 అడుగులలో చిన్న గురి పెట్టుకొనవచ్చును. ఒక అడుగు లోతుగల కొయ్యపెట్టె వెనుక భాగమున 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకు బిగించి, లోపల పాతగుడ్డలు గట్టిగా దట్టించి, ముందు అట్టపై గురి కాగితము అంటింపుడు. గుడ్డలు చినిగి వదులైనప్పుడు మార్చవలెను. పెట్టె వెనుక జల్లించిన ఇసుక నింపిన గోనె సంచులను ఐదడుగుల ఎత్తు, ఐదడుగుల వెడల్పున పేర్చవలెను. గురి తప్పిన గుండును ఆపునవి ఈ సంచులే. ఇసుకలో రాళ్లు ఉండరాదు. గురి కాగితము మూడడుగుల ఎత్తున, కాల్చువాని భుజముకంటె క్రిందుగా ఉండవలెను.

రాతిగోడ, సిమెంటు గోడ, చెట్టు బోదె, నీటి తొట్టి గుండును ఆపవు, ప్రక్కకు మళ్లించును. సంచుల వెనుక బాట, పశువులపాక, పొరుగువారి వాకిలి ఉండరాదు. గురివైపునకు తెరచుకొను తలుపు ఉన్నచో, దానికి లోపలనుండి గడియ పెట్టి మొదలిడవలెను. పాలు పితుకుటకు వచ్చువారికి లోపల ఏమి జరుగుచున్నదో తెలియదుగదా!

కాల్చునప్పుడు

1. తుపాకి ఎప్పుడును నింపి యున్నదనియే భావింపుడు. ఖాళీగా నున్నను మనిషివైపు, పశువువైపు త్రిప్పరాదు.

2. గురి చూచువరకు వ్రేలు ట్రిగ్గరుపై పెట్టరాదు.

3. గొట్టము వంచి గుండు పెట్టునప్పుడు రెండవ చేతితో గొట్టమును గట్టిగా పట్టుకొనుడు. అది జారి మూసికొన్నచో వ్రేళ్లు నలిగిపోవును.

4. గుండు లేకుండ స్ప్రింగు తుపాకి పేల్చరాదు. లోపలి భాగములు చెడును.

5. కాల్చువారు, చూచువారు పాలికార్బొనేటు కండ్లజోడు ధరింపవలెను. చూచువారు కాల్చువాని వెనుకనే నిలువవలెను.

6. పిల్లలు పెద్దవారి ప్రక్కననే కాల్చవలెను. పని ముగిసిన తరువాత తుపాకిని ఒకచోట, గుండ్లను వేరొకచోట తాళము వేసి ఉంచుడు.

కంటికి గుండు తగిలినచో నలుపరాదు, కడుగరాదు, గుండును తీయబోరాదు. కన్నును నొక్కకుండ కాగితపు గ్లాసు అడుగు భాగముతో కప్పి, వెంటనే కంటి ఆసుపత్రికి కొనిపోవలెను.

కోళ్లు, కూరమడి విషయము

సీసము విషము. పెరటి కోళ్లు ఇసుకరేణువులతోపాటు గుండ్లను కూడ ఏరి తినును. అవి కందనకాయలో అరిగి, సీసము రక్తములోనికి, గ్రుడ్లలోనికి చేరును. కాబట్టి గురి కట్టిన తావును కోళ్లు చేరకుండ కంచె వేయుడు. దగ్గర ఆకుకూరలు పెంచవలదు. గుండ్లను నోట పెట్టుకొనరాదు. అభ్యాసము కాగానే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పిట్టలపై గురి వలదు

రామచిలుకను, నెమలిని చంపుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. చట్టము మాట అటుంచి లాభనష్టములు చూడుడు. శనగపచ్చ పురుగును ఏరి తినుటకే మనము చేలో పక్షి స్థావరములు పాతుచున్నాము. వానిపై వాలిన పిట్టను మనమే కొట్టుట ఎంత అవివేకము! గుడ్లగూబను కొట్టినవాడు తన ధాన్యమును ఎలుకలకు వదలినవాడగును. జొన్న, సజ్జ, ప్రొద్దుతిరుగుడు చేలలో గింజ పాలుపోసుకొనునప్పుడు మంచె కావలి, డబ్బా మ్రోత, మెరుపు రిబ్బన్లు వాడుడు. ఒక గుంపును కొట్టితిమనుకొన్నను మరియొక గుంపు వచ్చును. చేనిలో పనిచేయు కూలీలకు మాత్రము అపాయము నిలిచియుండును.

గ్రామాధికారులు తమ ఊరిలో ఎయిర్ గన్ ఉన్న ఇండ్లవారికి ఈ విషయములు తెలుపవలెను. వీధిలో తుపాకి పట్టుకొని తిరుగు పిల్లవానిని చూచినచో, వాని తల్లిదండ్రులతో ఆనాడే మాటలాడవలెను. ముందు ఇసుక సంచులు పేర్చుడు. తుపాకి తరువాత కొనవచ్చును.