తొక్క పొడి వద్దు, పండు తిను

చిరంజీవి అమ్మడికి,

పండులో కంటే అరటి తొక్కలో యాంటీ ఆక్సిడెంట్లు ఎన్నో రెట్లు ఎక్కువట, ఆ పొడి డబ్బా తెప్పించుకుని రోజూ చెంచాడు వేసుకోనా అని అడిగావు. వద్దంటాను. నువ్వు చదివినదాంట్లో అబద్ధమేమీ లేదు. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు కేవెండిష్ అరటిని పరీక్షిస్తే 100 గ్రాముల తొక్కలో 80 నుంచి 560 మిల్లీగ్రాముల దాకా డోపమైన్ కనిపించింది. గుజ్జులో ఉన్నది రెండున్నర నుంచి 10 మిల్లీగ్రాములే. గాజు గొట్టంలో ఆ డోపమైన్ విటమిన్ సి లాగే గట్టి యాంటీ ఆక్సిడెంటు. కానీ మన ఒళ్ళు గాజు గొట్టం కాదు కదమ్మా. తిన్న డోపమైన్ చాలావరకు పేగుల్లో, కాలేయంలో విరిగిపోతుంది. రక్తంలోకి చేరినా మెదడులోకి దారి లేదు, కాబట్టి దానితో మనసు ఉల్లాసపడుతుందన్న మాట కూడా నిలవదు. ఆహార పదార్థాల యాంటీ ఆక్సిడెంటు బలాన్ని అంకెల్లో చూపే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తీసేసింది. ఆ అంకెలకూ ఒంట్లో జరిగే మేలుకూ పొంతన లేదన్నదే కారణం.

మేలు లేకపోతే పోనీ, కీడు లేదు కదా అంటావేమో. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మందికి పైగా మగవాళ్ళ మీద ఏళ్ళ తరబడి ఒక పరీక్ష జరిగింది. ఫలితం 1994లో వచ్చింది. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు, 18 శాతం పెరిగింది. అది అరటి కాదు, నిజమే. అయినా కూరగాయలో ఉన్నప్పుడు మేలు చేసే పదార్థాన్ని విడదీసి మోతాదు పెంచితే అదే మేలు జరుగుతుందన్న నమ్మకం అక్కడే బీటలు వారింది. మరి మనవాళ్ళు అరటికాయ తొక్కతో పచ్చడి చెయ్యరా అని అడిగితే, చేస్తారు, శుభ్రంగా కడిగి చేసుకుని నువ్వూ తిను. అది అన్నంలోకి ఎప్పుడో ఒకనాడు కలుపుకునే ఆహారం. పొడి అలా కాదు, ఏ తోటలో ఏ మందు పడ్డ తొక్కో తెలియకుండా రోజూ మింగే మోతాదు.

ఇక అరటిని ఎలా తినాలో చెబుతాను. తరిగిన బొంత అరటికాయ ముక్కల్ని మజ్జిగ నీళ్ళలో వెయ్యడం చూసే ఉంటావు. గాలి తగిలితే వాటిని నల్లబరిచే ఎంజైమ్‌కు ఆ పులుపు కళ్ళెం వేస్తుంది. అదే ఎంజైమ్ పక్క పండ్లలోని మంచినీ తినేస్తుంది. 2023లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో అరటిపండు కలిపిన స్మూతీ తాగినవాళ్ళ రక్తంలో ఫ్లావనాల్స్ అనే యాంటీ ఆక్సిడెంట్లు, వాటినే క్యాప్సూల్‌గా తీసుకున్నప్పటికంటే 84 శాతం తక్కువగా తేలాయి. కాబట్టి ద్రాక్ష, బెర్రీల కోసం స్మూతీ తాగేరోజు అందులో అరటి కలపకు, విడిగా తిను. అరటిని అరటి కోసమే తినాలి. 100 గ్రాముల గుజ్జులో 350 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం, కొంత పీచు, తక్షణ శక్తి ఉన్నాయి. విటమిన్ సి కావాలంటే జామకాయ దానికి ఎన్నో రెట్లు నయం. చక్కెరకేళి, అమృతపాణి, ఎర్ర అరటి, ఏది దొరికితే అది మార్చి మార్చి తిను. ఆ డబ్బా ఆర్డరు మాత్రం ఇవాళే రద్దు చెయ్యి తల్లీ.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న