వేలూరు బస్సెక్కే కాగితం

చిరంజీవి మేనకోడలికి,

కర్నూలులో ల్యాబ్ టెక్నీషియన్ చదువులో చేరావని అమ్మ చెప్పింది. క్లోమం వాపును పట్టిచ్చే అమైలేజ్ పరీక్షను ముందు వంటింట్లో చూడు.

పలచటి గంజిని రెండు గ్లాసుల్లో పోసి, చల్లారాక ఒకదాంట్లో కాస్త ఉమ్మి కలిపి అరగంట ఆగు. తర్వాత రెండింట్లోనూ ఒక్కో చుక్క అయోడిన్ వెయ్యి. ఉత్త గంజి ముదురు నీలమవుతుంది. రెండో గ్లాసులో ఆ నీలం రాదు, వచ్చినా వెలవెలబోతుంది. గంజిలోని పిండిని ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము విరగ్గొట్టేసింది. 1908లో వోల్గెముత్ ఈ నీలాన్ని చూసే ఎంజైమును కొలిచాడు. 1938లో సొమోగీ, పిండి విరిగితే పుట్టే చక్కెరను కొలిచాడు. ఎవరి పద్ధతి వారిది, ఎవరి యూనిట్ వారిది. వంద మిల్లీలీటర్లకు 100 సొమోగీ యూనిట్లంటే ఇప్పటి లెక్కలో లీటరుకు సుమారు 185 యూనిట్లు.

పడి అనే కొలత ఊరికో తీరుగా ఉన్న కాలంలో గింజలు కొలిచినట్టే ఈ యూనిట్లూ.

మన సీమలో జబ్బు ముదిరితే రిపోర్టులు సంచిలో పెట్టుకుని సీఎంసీ ఆసుపత్రికని వేలూరు బస్సెక్కుతారు. కడపలో ఒక కాగితం, కర్నూలులో ఇంకొకటి. రెండింట్లోనూ అమైలేజ్ 300 అనుకో. ఒక కిట్ ప్రకారం ఆరోగ్యవంతుల పైహద్దు 100 అయితే అది మూడు రెట్లు. ఇంకో కిట్ పైహద్దు 200 అయితే ఒకటిన్నర రెట్లే. క్లోమం వాపని తేల్చడానికి నొప్పి తీరు, స్కాన్, పైహద్దుకు కనీసం మూడు రెట్లున్న ఎంజైము, ఈ మూడింట్లో రెండు ఉండాలని 2012లో సవరించిన అట్లాంటా నిబంధన. కాబట్టి పైహద్దు రాయని రిపోర్టు రోగికి అక్కరకు రాదు. లైపేజ్ అనే ఇంకో ఎంజైము విషయంలో కిట్టుకూ కిట్టుకూ తేడా ఇంకా ఎక్కువ.

ఈ చిక్కు విప్పడానికే అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య 2006లో అమైలేజ్‌కు రిఫరెన్స్ పద్ధతిని ప్రకటించింది. ఏ పదార్థం మీద ఎంజైమును పనిచేయించాలో, ఏ వేడిలో చేయించాలో అందులో ఖాయం చేశారు. వేడి 37 డిగ్రీలు.

ఆ 37 దగ్గరే మన ఎండలు అడ్డం పడతాయి. మీ మామ మొదట పనిచేసిన చిన్న ల్యాబులో వాటర్‌బాత్‌కు వేడిచేసే కాయిల్ ఒక్కటే ఉండేది. మే నెల మధ్యాహ్నం గదే 40 దాటితే, స్విచ్ తీసేసినా నీళ్లు 37కు దిగేవి కావు. వేడెక్కిన నీళ్లలో ఎంజైము జోరుగా పనిచేసి అంకె పెరిగేది. ఐసు ముక్కలు వేస్తూ, థర్మామీటరు మీంచి కన్ను తీయకుండా పరీక్షలు చేసేవాళ్లు. అప్పట్లో పిపెట్ నోటితోనే పీల్చేవాళ్లు. రవ్వంత ఉమ్మి పడినా రోగికి లేని జబ్బు అంటగట్టినట్టే. ఇప్పుడు పిపెట్ మారింది గానీ, మూత తీసిన ట్యూబు మీద మాట్లాడే అలవాటు పోలేదు. నువ్వు మానుకో. రక్తం ఈడీటీఏ ట్యూబులో వస్తే వెనక్కి పంపు. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కాల్షియం లేనిదే అమైలేజ్ సరిగా పనిచేయదు.

ఇలాంటి తేడాలు పట్టుకోవడానికి వేలూరు సీఎంసీ నడిపే నాణ్యతా పథకంలో చేరిన ల్యాబులకు విలువ చెప్పకుండా నమూనాలు పంపుతారు. ఒకే పద్ధతి వాడే ల్యాబుల ఫలితాలను పక్కపక్కన పెట్టి ఎవరు ఎంత పక్కకు పోయారో చూపిస్తారు. మీ ల్యాబుకు అలాంటి సీసా వస్తే ప్రత్యేకంగా నాలుగుసార్లు చేసి బాగున్న అంకె పంపొద్దు. రోగి రక్తంలాగే వరసలో పెట్టి ఒక్కసారే చెయ్యి. వచ్చిన గ్రాఫు ఫొటో మామకు పంపు, ముఖ్యంగా మే నెలది.

ఆశీస్సులతో,
మీ మామ