సెలవు అను మాట - కువైతు ప్రయాణములు

తెలుగున "సెలవు" అను మాటకు అర్థములు పెక్కు గలవు. అనుమతి, పనిలేని దినము, వీడ్కోలు అనునవి మనమందరము ఎరిగినవే. వెనుకటి తెలుగున ఖర్చు అను అర్థము కూడ ఉండెడిది. ఉర్దూలోని "రుఖ్సత్" దీనికి దగ్గరి చుట్టము. ఉద్యోగి కోరునదియు రుఖ్సతే, అతిథి పుచ్చుకొనునదియు రుఖ్సతే. పెండ్లికూతును అత్తవారింటికి సాగనంపుట రుఖ్సతీ. ఈ అర్థములన్నింటిని ఒకే రెండు నెలలలో అనుభవించువారు ఖాజీపేట, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఇంటింటను గలరన్న అతిశయోక్తి కొద్దిపాటిదే యగును. కువైతునుండి సెలవుపై వచ్చి మరల పోవువారిని గూర్చి మేము చెప్పుచున్నాము. మన విద్యార్థులలో వారి బిడ్డలున్నారు గనుక ఈ విషయమును పాఠముగనే పరిశీలింపదలచితిమి.

కువైతునందలి బుర్గాన్ వద్ద 1938లో చమురు పడినది. 1946లో ఎగుమతి మొదలైనది. 1961 వరకు ఆ దేశమున చెల్లినది మన రూపాయియే యన్న నేటి విద్యార్థులు నమ్మకపోవచ్చును. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట అక్కడ కట్టడములకు, ఇండ్లలో చాకిరికి మనుషులు కావలసివచ్చిరి. ఇక్కడ కె.సి. కాలువ క్రింద నేల గలవారికి వరియు, పసుపును ఉన్నవి. నేల లేనివారికి కరువు తప్ప మరేమున్నది? మద్రాసు నుండి బొంబాయి పోవు రైలుమార్గము కడప, ఎర్రగుంట్ల మీదుగనే పోవుట మరియొక సదుపాయమైనది. ముందుపోయినవాడు బావమరదికి వీసా పంపును, ఆ బావమరది తన పొరుగువానికి పంపును.

మన తెలుగువారు పందొమ్మిదవ శతాబ్దమున మారిషస్ వెళ్లిరి. వారిలో పెక్కుమంది అక్కడనే స్థిరపడి ఆ దేశపు పౌరులైరి. కువైతు వలస అట్టిది కాదు. ముప్పది యేండ్లు పనిచేసినను కూలివానికి అక్కడ పౌరసత్వము దొరకదు. తిరిగివచ్చుట మొదటి దినముననే వ్రాసియున్నది. అతని ఉనికి అంతయు "అకామా" అను పత్రముపై నిలిచియుండును. అరబ్బీలో ఇది మన మసీదులలో నమాజుకు నిలుచునపుడు పలుకు "ఇఖామత్" అను మాటయే. నిలుచుట, నిలిచియుండుట దీని భావము. "కఫీల్" అనగా జామీను. ఆ జామీనుదారు లేనిదే అకామా లేదు. అకామా లేనిదే రాకపోకలు లేవు. దేశము వెలుపల ఆరు నెలలు దాటినచో అకామా రద్దగుట అక్కడ చిరకాలముగా ఉన్న నిబంధన. కనుక తల్లి మంచమున పడినను, బిడ్డ కాన్పు ఆలస్యమైనను, సెలవునకు హద్దు ఇంటివారు గీయునది కాదు.

హనఫీ ధర్మశాస్త్రమున ఒక చక్కని సూక్ష్మము గలదు. ప్రయాణికుడు ఒకచోట పదునైదు దినములకు తక్కువ ఉండదలచిన నమాజును కుదించుకొనును. కాని స్వగ్రామమున అడుగు పెట్టినవాడు ఒక్క పూటకై వచ్చినను ముసాఫిరు కాడు. శాస్త్రమిట్లు చెప్పగా ఇంటివారు మాత్రము అతనిని అతిథిగానే చూతురు. కొత్త పక్క పరతురు, మంచి గిన్నెలు దింపుదురు, ఇంటి చిక్కులు చెప్పక దాచుదురు. చిన్నబిడ్డ తలుపు చాటున నిలిచి, వచ్చినదెవరని నానీని అడుగును.

ఇక ఖర్చు అను అర్థమునకు వత్తము. రగ్గులు, అత్తరు సీసాలు, పాలపొడి డబ్బాలు, ఖర్జూరములు పంచుటతో మొదటి వారము గడచును. పిమ్మట మిద్దె పని, చెల్లెలి పెండ్లి, ప్రొద్దుటూరు అంగళ్లలో బంగారము, వీసాకై తెచ్చిన అప్పు మీది వడ్డీ. "రెండవ బొంబాయి" యని పేరుపొందిన ఆ పట్టణపు వ్యాపారములో కువైతు చెమట కొంత కలిసియున్నదని మా అభిప్రాయము. రెండేండ్లలో కూడినది రెండు నెలలలో కరగును. తిరుగు టిక్కెట్టుకు మరల చేబదులు పుచ్చుకొనువారును గలరు. దీనిని దుబారా యని నిందించుట మాకు సమ్మతము కాదు. రెండేండ్ల పండుగలు, పరామర్శలు, బాకీపడిన మర్యాదలు అన్నియు ఆ అరువది దినములలోనే తీర్పవలసియుండగా అతడేమి చేయగలడు?

స్త్రీల విషయము ఇంకను బరువైనది. ఇంటి పనికి పోయిన తల్లి అక్కడ యజమానురాలిని "మామా" యని పిలుచును, ఆమె బిడ్డలను పెంచును. ఇక్కడ ఆమె బిడ్డ అవ్వనో, నానీనో "అమ్మా" యని పిలుచును. ఇంటి పనివారి వీసా ఇరువదవ నంబరుది. మనవారు దీనినే "ఖాదిం వీసా" యందురు. కంపెనీ పనులకు పదునెనిమిదవ నంబరు, అనగా "షూన్ వీసా". ఇంటి పనివారికై కువైతు 2015లో 68వ నంబరు చట్టము చేసినది. దినమునకు 12 గంటలకు మించని పని, వారమున కొకనాడు విరామము, జీతముతో కూడిన వార్షిక సెలవు, పని ముగిసినపుడు ఏడాదికి ఒక నెల జీతము ఇందులో గలవు. 2016లో కనీస వేతనము 60 దినారులుగా నిర్ణయించిరి. నేటి మారకమున అది 15,000 రూపాయలకు పైబడియుండును. నాలుగు గోడల మధ్య ఈ చట్టమును అడుగగలవారు కొద్దిమందియే. తెలిసి పోవుట వేరు, తెలియక పోవుట వేరు.

కోరకయే వచ్చిన సెలవు ఒకటి గలదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైతులో ప్రవేశించినవి. మనవారు బస్సులలో అమ్మాన్ చేరగా, అచ్చటినుండి 59 దినములలో 1,10,000 మందికి పైబడి విమానములలో బొంబాయి వచ్చిరి. కట్టుబట్టలతో వచ్చినవారెందరో. 1991లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి పరిహార సంఘము, ఇల్లు విడిచినందుకే మనిషికి 2,500 డాలర్లు, ఇతర నష్టములు కోరనివారికి 4,000 డాలర్లు నిర్ణయించినది. ఆ సొమ్ము ఇరాక్ చమురు రాబడినుండి వచ్చినది.

విద్యార్థులకు ఒక మాట. 1983 నాటి వలసల చట్టము క్రింద ఏర్పడిన పద్ధతిలో, పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాని పాసుపోర్టుకు కువైతు వంటి దేశములకు పనికై పోవునపుడు ప్రత్యేక అనుమతి కావలెను, ఉత్తీర్ణునకు అక్కరలేదు. ఒక్క సర్టిఫికెట్టే ఇంత తేడా చేయుచుండగా, డిగ్రీ రెండవ సంవత్సరమున చదువు మాని ఖాదిం వీసాపై పోవుట మాకు బోధపడని లెక్క. పోవలదని మేమనము. పరీక్షలు వ్రాసి, షూన్ వీసాయో, చేతిపనియో చూచుకొని పొండు.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపము. ప్రవేశ పత్రములలో పోషకుని సంతకమున్నచోట తాతయో, మేనమామయో వ్రేలిముద్ర వేయుట మేము చూచుచున్నాము. తల్లిదండ్రుల సమావేశమును ఏటికొక దినమున జరిపినచో, కువైతునందున్న తండ్రి దానికి ఎన్నటికిని రాజాలడు. తండ్రియో తల్లియో సెలవుపై వచ్చు తేదీని విద్యార్థి ముందుగా ఆఫీసులో తెలిపినయెడల, ఆ నెలలో ఏ శనివారమైనను సాయంకాలము అధ్యాపకులను కలియుటకు ఏర్పాటు చేయవచ్చును. ఇందుకు కావలసినది ఒక రిజిస్టరు మాత్రమే. దానిని తెలుగు శాఖ నిర్వహింపగలదు.