అడుగున్న సంచి – మార్గరెట్ నైట్ యంత్రం

పొట్లం కడతాం. సంచి కుడతాం. కవరు అంటిస్తాం. మూడూ సరుకు పెట్టుకోడానికే అయినా మూడింటికీ మూడు వేరువేరు క్రియలు వాడతాం. ఈ నెల గోడపత్రికకు "పనిముట్లు – మాటలు" అని అంశం ఇచ్చినప్పుడు నేను ముందుగా నోటుబుక్కులో రాసుకున్నవి ఈ మూడు మాటలే. పొట్లానికి సరుకే ముందు. పల్లీలో, పసుపో కాగితం మధ్యలో పోసి, నాలుగు వైపులా మడిచి దారం చుడితే అది పొట్లం. విప్పేస్తే మళ్ళీ ఉత్త కాగితమే. సంచి అలా కాదు, ఖాళీగా ఉన్నా సంచే. ఇక పాత పేపరుకు మైదా జిగురు రాసి అంటించే కవరు ఉంది చూడండి, మన బరంపురంలో ఒడియా వాళ్ళు ఠుంగా అంటారు, వాళ్ళతో కలిసి పెరిగిన వాళ్ళం కాబట్టి మన ఇళ్ళలోనూ ఆ మాటే దొర్లుతుంది. అది పొట్లానికీ సంచికీ మధ్యరకం.

ఆ ఠుంగాకి ఒక లోటు ఉంది. దానికి అడుగు లేదు. కింద ఒక్క మడత వేసి అంటించేస్తారు, అంతే. అరకిలో పప్పు పోస్తే పొట్ట ఉబ్బుతుంది, బల్ల మీద పెడితే పక్కకు ఒరిగిపోతుంది. కొట్టు ఆయన ఒక చేత్తో దాని నోరు తెరిచి పట్టుకుని, రెండో చేత్తో పొయ్యాలి. అదే స్వీటు దుకాణంలో ఇచ్చే గోధుమరంగు కాగితపు సంచి అయితే దులిపి పెడితే తనంతట తానే నిలబడుతుంది. ఆయన రెండు చేతులూ ఖాళీ. తెలుగులో అడుగు అంటే పాదం, పాత్ర కిందిభాగం, నడకలో వేసేది, అన్నీ అదే మాట కదా. సంచికి అడుగు వస్తే అది నిలబడుతుంది. ఆ అడుగును యంత్రం చేత వేయించిన మనిషి గురించే ఈ వ్యాసం.

ఆమె పేరు మార్గరెట్ నైట్. 1838 ఫిబ్రవరి 14న అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని యార్క్ అనే ఊళ్ళో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌కు వెళ్ళింది, అది బట్టల మిల్లుల ఊరు. ఇంట్లో అందరూ ఆమెను మ్యాటీ అని పిలిచేవారు. బొమ్మల మీద ఆమెకు ఇష్టం లేదు. చాకు, బరమా, చెక్కముక్కలు ఉంటే చాలు. అన్నదమ్ములకు గాలిపటాలు, మంచు మీద జారే బండ్లు చేసిపెట్టేది. పన్నెండేళ్ళకల్లా బడి మానేసి మిల్లులో పనికి వెళ్ళింది. మెకానికల్ ఇంజనీరు అంటే మనకు ముందు డిగ్రీ గుర్తొస్తుంది. ఆమెకు అది లేదు. చేసిన పని మాత్రం పూర్తిగా అదే.

మిల్లులో ఒకరోజు మగ్గం లోంచి నాడె ఎగిరిపోయి పక్కనున్న పనివాణ్ణి పొడిచింది. మన ఊళ్ళో పట్టు మగ్గాలున్న వీధుల వాళ్ళకు నాడె అంటే చెప్పక్కర్లేదు. కాని చేతిమగ్గం మీద నాడె మనిషి లాగినంతే పరుగెత్తుతుంది. మిల్లు నాడెకు ఉక్కు మొనలుంటాయి, దాన్ని విసిరేది యంత్రం. దారం చిక్కుపడితే దారి తప్పి బయటికి దూసుకొస్తుంది. ఆ ప్రమాదం చూసిన పిల్ల, ఏదైనా అడ్డుపడితే మగ్గం ఆగిపోయే ఒక ఏర్పాటు ఆలోచించింది. మిల్లుల వాళ్ళు దాన్ని వాడుకున్నారు. దానికి ఆమె పేటెంట్ తీసుకోలేదు. బొమ్మ గీసి ఎక్కడా దాఖలు చెయ్యలేదు కాబట్టి అది ఎలా పనిచేసేదో ఇవాళ చూపించే కాగితం ఒక్కటీ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుకు దీంతో పని ఉంది.

1867 ప్రాంతంలో ఆమె మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చేరి, కొలంబియా పేపర్ బ్యాగ్ కంపెనీలో పనికి కుదిరింది. కాగితపు సంచులు చేసే యంత్రం అప్పటికే ఉంది. పెన్సిల్వేనియాలో బడి పంతులుగా పనిచేసిన ఫ్రాన్సిస్ వోలీ 1852లోనే ఒకటి పేటెంట్ చేశాడు. కాని అందులోంచి వచ్చేవి ఉత్తరం కవరు లాంటి చదును సంచులు, అంటే మన ఠుంగా అన్నదమ్ములే. అడుగున్న సంచి కావాలంటే చేత్తో మడవాల్సిందే. కంపెనీలో కూర్చుని మడిచేవాళ్ళు మడుస్తుంటే, ఇది యంత్రం ఎందుకు చెయ్యలేదు అని ఆమె ఆలోచన.

ఎందుకు చెయ్యలేదో చేత్తో మడిస్తే తెలిసిపోతుంది. ఒక పేపరు తీసుకుని రెండు అంచులు ఒకదాని మీద ఒకటి అంటించండి, గొట్టం వస్తుంది. దాన్ని బల్ల మీద పరిచి అణచండి. ఇప్పుడు మీ ముందు రెండు పొరలున్నాయి, పై పొర, కింది పొర. ఒక చివర వేళ్ళు దూర్చి పై పొరను ఎత్తి వెనక్కి మడవండి, కింది పొరను అలాగే బల్లకు ఆనించి ఉంచండి. రెండు పక్కలా మూలలు లోపలికి నొక్కుకుపోయి, ఆ చివర ముగ్గులో చుక్కల చుట్టూ వేసే పలక ఆకారంలోకి తెరుచుకుంటుంది. అది మొదటి మడత. ఆ పలకలో ఒక కొనను మధ్యగీత దాటేలా మడవండి, రెండోది. జిగురు రాసి ఎదుటి కొనను దాని మీదికి తెచ్చి అంటించండి, మూడోది. ఇప్పుడు సంచి చదునుగానే ఉంది, కట్టలు కట్టి పేర్చుకోవచ్చు. లోపల చెయ్యి పెట్టి తెరిస్తే కింద దీర్ఘచతురస్రంగా అడుగు వస్తుంది.

రెండూ మూడూ మడతలు యంత్రానికి పెద్ద కష్టం కాదు, కాగితాన్ని ఒక వైపుకు తోస్తే చాలు. చిక్కంతా మొదటి మడతలోనే. అంటుకుపోయినట్టున్న రెండు పొరల్ని వేరు చెయ్యాలి, ఒకదాన్ని ఎత్తాలి, రెండోదాన్ని కదలకుండా పట్టుకోవాలి. మన వేళ్ళు ఇదంతా అడక్కుండానే చేసేస్తాయి, అందుకే అది పని అని కూడా మనకు తోచదు. మార్గరెట్ యంత్రంలో కాగితం చుట్ట నుంచి వచ్చి ముందు గొట్టంగా మారుతుంది. దాని కొసను ఒక సన్నటి పలక ముందుకు పొడుచుకొచ్చి తోస్తుంది, ఆ తోపుతోనే మొదటి మడత పడుతుంది. ఆ సమయంలో వేలు లాంటి ఒక ఇనుప భాగం కాగితాన్ని అణిచి పట్టి ఉంచుతుంది. తరవాత మిగతా మడతలు, జిగురు, సంచి తెగి బయటపడడం అన్నీ ఆగకుండా వరసగా సాగుతాయి. నా లెక్కన ఆమె గొప్పంతా ఈ "పలక, వేలు" దగ్గరే ఉంది. మడిచేవాళ్ళ చేతుల్ని ఆమె ఎంత శ్రద్ధగా చూసి ఉండకపోతే వేలు చేసే పనిని ఇనుముకు నేర్పుతుంది!

1868కల్లా చెక్కతో నమూనా చేసింది. అది కదిలేది, సంచులు చేసేది కూడా. కాని పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాలంటే గట్టిగా ఇనుముతో కావాలని బోస్టన్‌లో ఒక మెకానిక్ షాపులో చేయించింది. అక్కడే వచ్చింది అసలు గొడవ. చార్లెస్ అన్నన్ అనే మనిషి ఆ షాపుకు వచ్చి యంత్రాన్ని పరిశీలనగా చూసి వెళ్ళాడు. ఆమె దరఖాస్తు పెట్టేసరికి, ఇలాంటి యంత్రానికి ఇప్పటికే పేటెంట్ ఇచ్చేశాం అని ఆఫీసు తిప్పి పంపింది. ఎవరికయ్యా అంటే, అన్నన్‌కి.

ఒకే యంత్రాన్ని ఇద్దరు నాదంటే నాదన్నప్పుడు ఎవరు ముందో తేల్చే విచారణ పేటెంట్ ఆఫీసులోనే జరుగుతుంది. ఆమె దానికి సిద్ధపడింది. వాషింగ్టన్ లాయరుకు రోజుకు 100 డాలర్లు, పైన ఖర్చులు. మిల్లులోనూ సంచుల కంపెనీలోనూ కూలిపని చేసుకున్న మనిషికి అది ఎంత మొత్తమో మీరే ఊహించుకోండి. ఒక ఆడదానికి ఇంత చిక్కు యంత్రం అర్థమయ్యే అవకాశమే లేదని అన్నన్ వాదించాడని ఆమె జీవితం గురించి రాసిన వాళ్ళంతా చెబుతారు. ఆ వాదనకు ఆమె ఆడవాళ్ళ తెలివి గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. గీసుకున్న బొమ్మలు తెచ్చింది. డైరీలో ఎప్పుడు ఏం చేసిందో రాసుకున్నవి తెచ్చింది. చెక్క నమూనా ఎప్పుడు నడిచిందో కళ్ళారా చూసినవాళ్ళను, తన చెప్పినట్టు ఇనుము కోసిన మెకానిక్కులను సాక్ష్యానికి పిలిపించింది. తేదీలు అన్నన్ తేదీల కన్నా ముందున్నాయి. తీర్పు ఆమె వైపు వచ్చింది. 1871 జులై 11న 1,16,842 నంబరుతో పేటెంట్ ఆమె పేరు మీద నమోదైంది.

మిల్లులో చేసిన మొదటి ఏర్పాటుకు కాగితం లేదు, ఇప్పుడు అది కథగానే మిగిలింది. సంచుల యంత్రానికి కాగితం ఉంది, అది దక్కింది. బుద్ధి రెండిటిలోనూ ఒకటే. మా వీధిలో ఠుంగాలు అంటించే అక్కలు ఉన్నారు. వాళ్ళు ఒక్కో కాగితానికీ జిగురు రాయరు. పదీ పన్నెండు కాగితాలు మెట్లు మెట్లుగా జరిపి పరిచి, అన్ని అంచులకూ ఒకే ఊపులో జిగురు లాగేస్తారు. ఎంత సమయం కలిసొస్తుందో! ఆ ఉపాయం మొదట ఎవరికి తట్టింది అని అడిగితే "ఏమో పాపా, మా అత్త అలాగే చేసేది" అన్నారు. ఆ అత్తకు ఎవరు నేర్పారో ఆవిడకైనా తెలిసుండదు.

అయితే మార్గరెట్‌ను పొగిడేటప్పుడు ఒక సంగతి దాటేయకూడదు. చేత్తో మడిచేవాళ్ళ పనినే ఆమె యంత్రానికి ఇచ్చింది. యంత్రం వచ్చాక చేతిమడతకు ధర పలకదు, ఇది ఏ పనిలో అయినా జరిగేదే. ఆమె ఆ వరసలోంచి వచ్చిన మనిషి అన్నది కూడా నిజమే. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవని నా అభిప్రాయం, క్లాసులో వాదించుకోవచ్చు.

గెలిచాక ఆమె కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఈస్టర్న్ పేపర్ బ్యాగ్ కంపెనీ స్థాపనలో భాగమైంది. 1879లో సంచుల యంత్రానికే మరో పేటెంట్ తీసుకుంది. 1883లో బట్టలకు మరకలు అంటకుండా అడ్డం పెట్టేది, 1884లో దుస్తులు బిగించే కొక్కెం, 1885లో మాంసం కాల్చే ఊచ. తరవాత బూట్ల అట్టలు కోసే యంత్రాలు, కిటికీ చట్రం, అంకెలు అచ్చు వేసే యంత్రం. అరవై దాటాక రోటరీ ఇంజన్ల మీద పడింది. అన్నీ కలిపి ఇరవైకి పైగా పేటెంట్లు. ఇంత చేసినా 1914 అక్టోబర్ 12న ఫ్రేమింగ్‌హామ్‌లో చనిపోయేనాటికి ఆమె ఆస్తి విలువ 275 డాలర్ల 5 సెంట్లు. అంటే ఆ లాయరుకు మూడు రోజులు కూడా చాలని డబ్బు. పేటెంట్ ఉంటే పేరు నిలుస్తుంది, డబ్బు చేతిలో నిలుస్తుందన్న హామీ లేదు.

ఆమె గురించి రెండు మాటలు తప్పుగా తిరుగుతుంటాయి, సరిచేస్తాను. అమెరికాలో పేటెంట్ పొందిన తొలి మహిళ ఈమే అంటారు. కాదు. గడ్డిని పట్టుతో కలిపి అల్లే పద్ధతికి మేరీ కీస్ 1809లోనే తీసుకుంది. రెండోది, స్వీటు దుకాణంలో పక్కల్లో ముడతలుండి ఒక్క దులుపుతో తెరుచుకునే సంచి కూడా ఈమెదే అంటారు. ఆ పక్క ముడతల సంచిని 1883లో చార్లెస్ స్టిల్‌వెల్ పేటెంట్ చేశాడు. మార్గరెట్ ఇచ్చింది అడుగు, అతను ఇచ్చింది పక్కలు. అడుగు లేకుండా పక్కల్లో ఎన్ని ముడతలు పెట్టినా అది నిలబడేది కాదు, అది వేరే సంగతి.

ఆమె పేటెంట్ నమూనా ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గర భద్రంగా ఉంది. 2006లో ఆమె పేరును అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ సదనంలో చేర్చారు. మన దగ్గర 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధించాక దుకాణాల్లో కాగితపు సంచులు మళ్ళీ ఎక్కువ కనిపిస్తున్నాయి. ఈసారి చేతికి వచ్చినప్పుడు తిరగేసి అడుగు చూడండి, ఆ మూడు మడతలు వేలితో తడిమితే తెలుస్తాయి.

మడవడం చదివితే రాదు. శుక్రవారం మధ్యాహ్నం చివరి పీరియడ్ అయ్యాక తెలుగు విభాగం గదిలో మొదటి మడత చేసి చూపిస్తాను. జిగురు నేను తెస్తాను, పాత పేపర్లు మీరు తెచ్చుకోండి.