పెరడు తవ్వని మరమ్మతు

ఇంటి గోడలకు ఏటేటా సున్నం వేస్తాం, తలుపులకు రంగు పూస్తాం. నేల కింద ఉన్న మురుగు గొట్టం మాత్రం పగిలిననాడే మనకు గుర్తుకు వస్తుంది. అది పగిలినట్లు కూడా వెంటనే తెలియదు. స్నానాలగదిలో నీరు నెమ్మదిగా దిగడం, పెరట్లో ఒకచోట మాత్రమే గడ్డి ఏపుగా పెరగడం, వాన లేని రోజున నేల చెమ్మగిల్లడం దాని తొలి గుర్తులు.

హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో అటువంటి పాత ఇల్లు ఒకటి ఉందనుకుందాం. పెరట్లో వేపచెట్టు, దానికి కొంచెం దూరంలో బోరుబావి. వాటి నడుమ నేల కింద పోయే గొట్టం బీటలు వారింది. ఇది కేవలం దుర్వాసనకు సంబంధించిన సమస్య అయితే కొన్నాళ్లు ఓర్చుకోవచ్చు. కాని ఇక్కడి నేల స్వభావం అందుకు వీలివ్వదు. పైన పలుచని ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు రాయి. బోరుబావికి నీరు చేరేది మొరంలోని సందుల నుంచి, రాతిలోని పగుళ్ల నుంచి. మందమైన మట్టి పొర మురికిని కొంతవరకు వడపోస్తుంది. రాతి పగులు వడపోయదు. తనలో పడినదాన్ని పడినట్లే మోసుకుపోతుంది.

దీని పర్యవసానం ఎంత దారుణమో 1854లో లండన్ నగరం చూసింది. అక్కడి బ్రాడ్ వీధిలో ఒక చేతిపంపు చుట్టూ కలరా వ్యాపించి ఆరువందల మందికి పైగా మరణించారు. ఆ పంపు నీరే కారణమని జాన్ స్నో అనే వైద్యుడు నిరూపించాడు. తరువాత తవ్వి చూడగా, బావికి మూడడుగులైనా దూరం లేని ఒక ఇంటి మురుగుగుంత ఇటుకలు శిథిలమై, మురుగు బావిలోకి ఊరుతున్నట్లు తేలింది. ఒక ఇంటి మరమ్మతు లోపం ఒక పేటను ఖాళీ చేసింది!

మన ప్రాంతంలో ఈ సంగతి గ్రహించినవారు లేకపోలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించింది. వరదల నివారణతో పాటు నగరానికి సమగ్రమైన మురుగునీటి పథకం రూపొందించడం కూడా ఆయనకు అప్పగించిన పని. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను అందరూ తలచుకుంటారు. మురుగు పథకాన్ని తలచేవారు తక్కువ. కంటికి కనిపించని పనికి కీర్తి కూడా కనిపించదేమో!

పాతకాలపు ఇళ్లలో మెరుగుపూత పూసిన మట్టి గొట్టాలు, సిమెంటు గొట్టాలు వేసేవారు. వాటి బలహీనత అతుకుల్లో ఉంది. అతుకులోని సిమెంటు రాలితే చెమ్మ బయటికి వస్తుంది. ఆ చెమ్మను వెదుక్కుంటూ చెట్టు వేరు వెంట్రుకవలె లోపలికి దూరి, క్రమంగా జడవలె అల్లుకుపోతుంది. చెట్టును నిందించి లాభం లేదు. నీరున్నచోటికి పోవడం దాని ధర్మం.

ఇంతకాలం దీనికి ఒకటే ఉపాయం: పెరడంతా తవ్వి, పాతది తీసి, కొత్తది వేయడం. తవ్వకుండా బాగుచేసే పద్ధతిని 1971లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు లండన్‌లోని హాక్నీ ప్రాంతంలో ఒక పాత ఇటుక కాలువపై ప్రయోగించాడు. మన దర్జీలు వస్త్రం లోపల కుట్టే అస్తరు తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. జిగురు రసాయనంలో నానబెట్టిన మెత్తని గుడ్డ గొట్టాన్ని, దిండు గలీబును తిరగవేసినట్లు, నీటి ఒత్తిడితోనో గాలి ఒత్తిడితోనో పాత గొట్టంలోకి తిరగవేస్తూ పంపుతారు. జిగురు ఉన్న వైపు పాత గోడకు అంటుకుంటుంది. తరువాత వేడినీరో ఆవిరో పంపితే కొన్ని గంటల్లో అది గట్టిపడి, గొట్టంలో గొట్టం సిద్ధమవుతుంది. లోపలి వ్యాసం కొన్ని మిల్లీమీటర్లు తగ్గినా, అతుకులు లేని నునుపు వల్ల మురుగు సాఫీగానే పారుతుంది.

రెండవ పద్ధతి కొంత మొరటుది. ఇది 1970ల చివర బ్రిటన్‌లో ఇనుప గ్యాస్ గొట్టాల కోసం పుట్టింది. రెండు చివరలా రెండు గుంతలు మాత్రమే తవ్వి, శంఖాకారపు ఇనుప ముక్కును ఉక్కుతాడుతో పాత గొట్టంలోంచి లాగుతారు. అది పాతదాన్ని పగలగొట్టి పెంకులను చుట్టూ ఉన్న మట్టిలోకి నెడుతూ, తన వెనుక కొత్త ప్లాస్టిక్ గొట్టాన్ని లాక్కువస్తుంది. ఇందులో ఒక షరతు ఉంది. పెంకులకు చోటివ్వడానికి నేల మెత్తగా ఉండాలి. రాతిని తొలిచి గొట్టం వేసిన చోట్ల ఆ పెంకులు ఎక్కడికి పోతాయి? కాబట్టి మన రాతినేలల్లో సాధారణంగా అస్తరు పద్ధతే అనుకూలమని చెప్పవచ్చు.

అయితే అస్తరు కూడా అన్నిటికీ మందు కాదు. నాలుగంగుళాల గొట్టానికి సుమారు 40 అడుగులకు 1 అడుగు వాలు ఉండాలని పాత లెక్క. గొట్టం మధ్యలో కుంగి వాలు తప్పితే, అస్తరు ఆ వంకరనే అనుసరిస్తుంది. పూర్తిగా కూలిన చోట అది దూరనే దూరదు. అందుకే ముందుగా చిన్న కెమెరాను లోపలికి పంపి చూడాలి. చూడకుండా చేసే వైద్యం నమ్మదగినది కాదు. గొట్టం నాలుగడుగుల లోతులోనే ఉండి, పైన మట్టి తప్ప మరేమీ లేకపోతే, పలుగు పారలతో తవ్వడమే చౌక కావచ్చు. చెట్టు, గోడ, సిమెంటు గచ్చు, వీధి అడ్డువచ్చినప్పుడే కొత్త పద్ధతి విలువ తెలుస్తుంది.

అస్తరు వేయడానికి ముందు గొట్టాన్ని అధిక ఒత్తిడి గల నీటితో కడిగి, వేళ్లను యంత్రంతో కోయాలి. ఈ దశలో వీధిలోని మ్యాన్‌హోల్‌లోకి ఒక మనిషిని దించే పాత అలవాటు ఇంకా మనలను వదలలేదు. అక్కడి విషవాయువుకు ఊపిరి పీల్చినంత సేపు చాలు. తగిన రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా పరిగణించింది. అలా మరణించినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పోరాటంలో ముందు నిలిచిన బెజవాడ విల్సన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారే. ఆయనకు 2016లో మెగసెసే పురస్కారం లభించింది.

మనం ఊహించుకున్న ఇంటికి తిరిగి వద్దాం. కెమెరాలో రెండు బీటలు, ఒక అతుకు దగ్గర వేపవేళ్లు కనిపించాయి, వాలు చెడలేదు. అస్తరు సరిపోతుంది, వేపచెట్టు నిలుస్తుంది. కాని అదివరకే పగుళ్లలోకి దిగిన మురుగు ఒక్కరోజులో పోదు. బోరునీటిని పరీక్ష చేయించేంతవరకు ఆ ఇంటివారు కాచిన నీరే తాగాలి.

ప్రశ్నలు

1. మట్టినేలలో కంటే రాతినేలలో మురుగు ఊట ఎందుకు ఎక్కువ ప్రమాదకరం?
2. వాలు తప్పిన గొట్టానికి అస్తరు ఎందుకు పనికిరాదు?
3. మీ ఇంటి మురుగు ఎక్కడికి చేరుతుందో, ఆ దారికి దగ్గరలో మంచినీటి వనరు ఏదైనా ఉందేమో పెద్దలనడిగి తెలుసుకొని రాయండి.